చిల్లులు పడిన స్పీకరు: లింక్ వ్రే గిటారు నాదంలోని విజ్ఞానం

పాటలోని మాటలు అభ్యంతరకరంగా ఉన్నాయని రేడియో కేంద్రాలవారు ఒక రికార్డును పక్కన పెట్టడం ఏ దేశంలోనైనా జరిగేదే. కాని మాటే లేని పాటను చూసి జంకడం మాత్రం వింత. 1958లో అమెరికాలో ఆ వింత జరిగింది. ఒక గిటారు, ఒక బేస్, ఒక డ్రమ్ము కలిసి రెండున్నర నిమిషాల లోపు వాయించిన ‘రంబుల్’ అనే వాద్యగీతాన్ని న్యూయార్క్, బోస్టన్ వంటి నగరాలలో కొన్ని రేడియో కేంద్రాలు వినిపించడానికి నిరాకరించాయి. ఇది విని కుర్రకారు వీధిపోరాటాలకు దిగుతారేమోనని వారి భయం. అందులో ఒక్క పదం లేదు; ఎవరినీ రెచ్చగొట్టే నినాదం లేదు. ఉన్నదల్లా నింపాదిగా, బరువుగా, ఒకదాని వెనుక ఒకటిగా పడే కొన్ని కార్డులు, వాటి చుట్టూ కమ్ముకున్న ఒక గరుకుదనం.

ఆ గరుకుదనం ఎక్కడినుంచి వచ్చింది? అది వినగానే మనసు ఎందుకు ఉలిక్కిపడుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ కలిసి సమాధానం చెప్పవలసి ఉంటుంది. పిల్లల గదిలోంచి వచ్చే ఎలక్ట్రిక్ గిటారు హోరుకు తలుపు మూసుకునే తల్లిదండ్రులు మనలో తక్కువేమీ కాదు గనుక, ఈ విషయం కొంత తీరికగా ముచ్చటించుకోదగినదే.

ముందు మనిషిని గురించి. లింక్ వ్రే 1929 మే 2న ఉత్తర కరొలైనా రాష్ట్రంలోని డన్ అనే ఊళ్లో, అమెరికన్ ఆదివాసులలో షానీ తెగ మూలాలుగల కుటుంబంలో పుట్టాడు. కటిక పేదరికం, దానికి తోడు జాతివివక్ష. కు క్లక్స్ క్లాన్ మూకలు తమ పేట మీదికి వచ్చినప్పుడు తల్లి తమను మంచం కింద దాచేదని ఆయన పెద్దయ్యాక చెప్పుకొన్నాడు. ఎనిమిదేళ్ల ప్రాయంలో ‘హ్యాంబోన్’ అనే పేరుతో తిరిగే ఒక నల్లజాతి వాద్యకారుడు ఇంటి ముందు కూర్చుని, తీగలపై సీసా మెడను జార్చుతూ గిటారు వాయించి చూపాడట. ఆ తరువాత సైన్యంలో చేరడం, క్షయవ్యాధి సోకడం, ఒక ఊపిరితిత్తిని తీసివేయడం జరిగాయి. ఇక పాడవద్దని వైద్యులు చెప్పారు. ముప్ఫై ఏళ్లు నిండకముందే గాయకుడిగా తలుపు మూసుకుపోయిన మనిషికి మిగిలింది గిటారు.

‘రంబుల్’ పుట్టినది వర్జీనియా రాష్ట్రంలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో, యువతీయువకుల నృత్యసభలో. నిర్వాహకుడు మిల్ట్ గ్రాంట్ ఆనాడు ప్రచారంలో ఉన్న ‘స్ట్రోల్’ అనే నెమ్మది నృత్యానికి తగిన బాణీ వాయించమన్నాడు. వ్రేకు ఆ బాణీ రాదు. తమ్ముడు డగ్ డ్రమ్ముల మీద తాళం అందుకోగా ఈయన అప్పటికప్పుడు తోచిన కార్డులు మీటాడు. గాత్రానికి ఉంచిన మైకును ఎవరో గిటారు ఆంప్లిఫయరు ముందుకు జరిపారు. ఆ రోజులలో అలా చేసే ఆచారం లేదు. చిన్న ఆంప్లిఫయరు నుంచి వచ్చిన ధ్వని సభాస్థలిని నింపివేసింది. కుర్రవాళ్లు కేకలు వేసి మళ్లీ మళ్లీ వాయింపించుకున్నారు.

తరువాత స్టూడియోలో చిక్కు వచ్చింది. అక్కడ పరికరాలన్నీ శుభ్రమైనవి. ధ్వని కూడా శుభ్రంగా, కడిగిన ముత్యంలా వచ్చింది. సభలో జనాన్ని ఊపివేసిన ఆ కసి ఏది? వ్రే ఒక పెన్సిలు తీసుకుని ఆంప్లిఫయరు స్పీకర్ల కాగితానికి చిల్లులు పొడిచాడు. మళ్లీ వాయించాడు. ఆ కసి తిరిగివచ్చింది.

కేడెన్స్ రికార్డ్స్ అధినేత ఆర్చీ బ్లేయర్‌కు ఇది ఏ మాత్రం నచ్చలేదు. ఆయన సవతి కూతురికి మాత్రం తెగ నచ్చింది. అందుకే రికార్డు వెలుగు చూసింది. ‘రంబుల్’ అంటే ఆనాటి యువకుల యాసలో ముఠాల మధ్య కొట్లాట అని అర్థం. 1957లో బ్రాడ్వే రంగస్థలం మీదికి వచ్చిన ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ ఇతివృత్తమే ముఠాల పోరు. దారితప్పిన యువత గురించి పత్రికలూ ప్రభుత్వమూ ఆందోళన పడుతున్న రోజులవి. కనుక రేడియోవారు జంకడానికి పేరు కూడా కొంత కారణమే. అయినప్పటికీ రికార్డు బిల్‌బోర్డ్ పట్టికలో 16వ స్థానం దాకా ఎక్కింది. పేరు ఒక్కటే భయపెట్టిందనుకుంటే మాత్రం పొరపాటు. అదే పేరు పెట్టి వేణువు మీద ఒక జోలపాట వాయిస్తే ఎవరూ నిషేధించి ఉండరు.

ఇక ధ్వని సంగతి చూద్దాం. తీగ నుంచి చెవి దాకా జరిగే ప్రయాణంలో మొదటి మజిలీ ‘పికప్’. వ్రే వాయించినది 1953 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటారు అని చెబుతారు. ఆ తరహా గిటార్లలో తీగల కింద అల్నికో అనే మిశ్రలోహపు అయస్కాంతాలు ఉంటాయి. అల్యూమినియం, నికెల్, కోబాల్టు అనే మూడు పేర్ల తొలి అక్షరాలు కలిసి ఏర్పడిన పేరది. అందులో ఎక్కువ భాగం ఇనుమే. వాటితోపాటు తలవెంట్రుక మందాన ఉండే రాగితీగను దాదాపు పదివేల చుట్లు చుట్టిన తీగచుట్ట ఉంటుంది. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం చెదరుతుంది. ఆ చెదరుపాటుకు తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఈ గిటారుకు ఇత్తడి తీగలు కట్టినా, బంగారు తీగలు కట్టినా మూగబోతుంది. అయస్కాంతం ఆకర్షించే లోహమే కావాలి.

ఇలా పుట్టిన విద్యుత్తు మహా అల్పమైనది. వోల్టులో కొన్ని వంతులు మాత్రమే. దానిని స్పీకరును కదిలించేంతగా పెంచడం ఆంప్లిఫయరు పని. ఆనాటి ఆంప్లిఫయర్లలో ట్రాన్సిస్టర్లు లేవు, వాల్వులు ఉండేవి. మన తాతగార్ల ఇళ్లలో ఉండిన వాల్వు రేడియోను చూసినవారికి ఇది బాగా తెలుసు. మీట నొక్కగానే పలికేది కాదు. లోపల ఎర్రగా దీపాలు వెలిగి, కాసేపు వేడెక్కిన తరువాత, ఎక్కడో దూరాన్నుంచి వచ్చినట్లు వార్తలు వినిపించేవి.

రసాయన శాస్త్రం వృత్తిగా గలవాణ్ణి కనుక ఈ వాల్వు దగ్గర కొంచెంసేపు ఆగుతాను. గాజు నాళికలో గాలి తీసివేసి, నడుమ ఒక నికెల్ గొట్టాన్ని ఉంచుతారు. దాని లోపల టంగ్‌స్టన్ తీగ వేడి చేస్తుంది. లోహాన్ని తగినంత వేడి చేస్తే దాని ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు ఆవిరిలాగా పైకి లేస్తాయి. టంగ్‌స్టన్ నుంచే నేరుగా ఎలక్ట్రాన్లను రాబట్టాలంటే రెండు వేల డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా కాల్చాలి. అయితే నికెల్ గొట్టం మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడుల పూత ఉంటే 750 డిగ్రీల ప్రాంతంలోనే ధారాళంగా వస్తాయి. ఈ సంగతి జర్మన్ శాస్త్రజ్ఞుడు వెనెల్ట్ ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే కనిపెట్టాడు. తమాషా ఏమిటంటే ఈ ఆక్సైడులను నేరుగా పూయరు. గాలి తగిలితే చెమ్మను పీల్చుకుని పాడైపోతాయి. కనుక కార్బొనేట్ల తెల్లని పిండిని పూసి, శూన్యంలో కాల్చి, కార్బన్ డయాక్సైడును తరిమివేస్తారు, ఆక్సైడు మిగులుతుంది. సున్నపు బట్టీలో గుల్లలు కాల్చినప్పుడు జరిగే చర్యే ఇది, లోహం వేరు. వాల్వు గాజు మీద వెండి పూసినట్లు ఒక మెరుపు కనిపిస్తుంది చూడండి. అది బేరియం లోహం. లోపల మిగిలిన వాయువుల జాడలను మింగివేయడం దాని పని. గాజు పగిలి గాలి చొరబడితే ఆ మెరుపు పోయి పాలపొడిలా తెల్లబడుతుంది. వాల్వు చచ్చిపోయిందనడానికి అంతకన్న రుజువు అక్కరలేదు.

వేడెక్కిన పూతకూ చుట్టూ ఉండే లోహపు రేకుకూ మధ్య ఒక సన్నని జాలీ ఉంటుంది. గిటారు నుంచి వచ్చిన అల్పవిద్యుత్తును ఈ జాలీకి అందిస్తారు. జాలీ మీది వోల్టేజి కొంచెం మారితే రేకు వైపు పోయే ఎలక్ట్రాన్ల ప్రవాహం ఎంతో మారుతుంది. కాలువ మీది తూము తలుపును ఒక చేత్తో కదిపి పెద్ద ప్రవాహాన్ని శాసించినట్లు.

కాని తూముకు రెండు హద్దులున్నాయి. పూర్తిగా మూస్తే నీరు ఆగిపోతుంది. ఇంకా మూయడమంటూ ఉండదు. పూర్తిగా తెరిస్తే రాగలిగినంతా వస్తుంది, అంతకుమించి రాదు. గిటారును గట్టిగా మీటి, ఆంప్లిఫయరును చివరికంటా పెంచితే జరిగేది ఇదే. పైకి లేవవలసిన తరంగపు శిఖరాలు తెగిపోయి చదునైపోతాయి. లోయలు కూడా అంతే. కొండవరుసను కత్తితో కోసి పీఠభూమి చేసినట్లు. దీనినే విరూపణ అంటాం. ఇంజనీర్ల దృష్టిలో అది దోషం. ఆనాటి ఆంప్లిఫయర్లు తయారుచేసినవారి శ్రమ అంతా ఆ దోషం రాకుండా చూడడానికే.

ఈ దోషం వినికిడికి ఏమి చేస్తుంది? ఎటువంటి ఆవర్తన తరంగాన్నైనా కొన్ని శుద్ధ తరంగాల మొత్తంగా రాయవచ్చునని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే నిరూపించిన మార్గం మనకు తెలిసినదే. సెకనుకు 110 కంపనాలు చేసే తీగతోపాటు 220, 330, 440 కంపనాల అనుస్వరాలు కూడా ఉంటాయి. సాధారణంగా అవి పైకి పోయేకొద్దీ బలహీనపడతాయి. తరంగపు శిఖరాలను తెగగొడితే ఏర్పడే కోసు మూలలను నిర్మించడానికి ఎంతో ఎత్తయిన అనుస్వరాలు కావాలి. కనుక మూలస్వరం మీద అనుస్వరాల అడవి మొలుస్తుంది. నాదం చిక్కబడుతుంది, పదునెక్కుతుంది. దానితోపాటు ఇంకొకటి. తీగ కంపనం తగ్గిపోతున్నా, తెగిపోయిన శిఖరాల ఎత్తు చాలాసేపు అంతే ఉంటుంది. అందుచేత మీటిన తీగ టక్కున చచ్చిపోకుండా గొంతు సాగదీసినట్లు నిలబడుతుంది.

రెండు స్వరాలు ఒకేసారి వాయిస్తే కథ మరింత రసవత్తరం. వంపు తిరిగిన వాల్వులోంచి రెండు స్వరాలు కలిసి పోయినప్పుడు వాటి మొత్తమూ, వాటి భేదమూ కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. షడ్జం 110 అనుకుంటే పంచమం 165. భేదం 55, అంటే షడ్జానికి కింది స్థాయి షడ్జం. ఎవరూ వాయించని ఒక మంద్రస్వరం పాతాళం నుంచి వచ్చినట్లు పలుకుతుంది. తంబురా శ్రుతిలో షడ్జ పంచమాలనే ఎందుకు ఏరుకున్నారో తెలిసినవారికి ఈ లెక్క చుట్టమే. దానికి బదులు గాంధారాన్ని చేర్చండి. గిటారు మెట్ల అమరికలో గాంధారం 138.6 దగ్గర పడుతుంది. నిఖార్సయిన లెక్కకు 137.5 ఉండాలి. షడ్జపు అయిదో అనుస్వరం 550, గాంధారపు నాలుగో అనుస్వరం 554కు పైన. రెండూ రాపిడిపడి సెకనుకు నాలుగుసార్లకు మించి విస్పందిస్తాయి. శుభ్రమైన ధ్వనిలో ఆ అనుస్వరాలు బలహీనం కాబట్టి పట్టించుకోం. విరూపణలో అవి బలిసి, చెవిలో గొడవ చేస్తాయి. పంచమానికి ఈ చిక్కు దాదాపుగా లేదు. అక్కడి విస్పందనం రెండున్నర సెకన్లకు ఒకటి కూడా మించదు. తరువాతి తరం గిటారు వాద్యకారులు గాంధారాన్ని వదిలి షడ్జ పంచమాలతో మాత్రమే ‘పవర్ కార్డు’ కట్టడం వెనుక ఉన్న అంకగణితం ఇంతే.

పవర్ కార్డుకు ఆద్యుడని వ్రేను కీర్తిస్తుంటారు. ప్రభావం దృష్ట్యా అది నిజమే గాని, ‘రంబుల్’లో ఆయన మీటినవి నిండు కార్డులు. అందులోనే దాని గరుకు రహస్యం ఉందని నా అభిప్రాయం. సాధారణంగా పట్టే డి కార్డులో 110, 147 కంపనాల స్వరాలు పక్కపక్కన ఉంటాయి. వాటి భేదం దాదాపు 37. పై తీగలమీద 294, 370, భేదం 76. ఈ సంఖ్యలను గుర్తుంచుకోండి, మళ్లీ పనికివస్తాయి.

ఇక ఆఖరి మజిలీ కాగితపు శంకువు. స్పీకరు కాగితం బజారులో దొరికే కాగితం కాదు. తడి గుజ్జును శంకువు ఆకారపు జల్లెడ మీద పేర్చి, నీరు లాగి, ఆరబెడతారు. సెల్యులోజు పోగులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానినొకటి పట్టుకుని, తేలికైన, బిర్రయిన డిప్ప ఏర్పడుతుంది. అది అంతా ఒక్కటిగా ముందుకూ వెనక్కూ కదలాలి. పెన్సిలుతో పొడిచినప్పుడు పోగుల పట్టు తెగింది. చిల్లు చుట్టూ ఉన్న అంచులు స్వతంత్రించాయి. శంకువు ముందుకు తోసినప్పుడల్లా అవి ఒక క్షణం వెనుకబడి, టపటప కొట్టుకుని, ఒకదానినొకటి రాసుకుని ప్రతి కంపనానికీ ఒక చిన్న గీరుడు చేర్చాయి. వాల్వు చేసినది గణితానికి లొంగే విరూపణ. కాగితం చేసినది చాలావరకు రొద.

నాదంలో కావాలని రొద కలపడం మనకు కొత్త కాదు. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద సన్నని నూలుపోగు ఉంచి, అది సరిగ్గా కుదిరేదాకా జరిపి, జుమ్మని పలికినప్పుడు నాదానికి జీవం వచ్చిందంటారు. విశాఖపట్నంలో బాల్యవిద్య నేర్చిన సర్ సి. వి. రామన్ 1921లో తంబురా, వీణల బ్రిడ్జిల మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. తీగను ఒక బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు పలకకూడదని పాత సూత్రం. మన వాద్యాలలో అవి నిక్షేపంగా పలుకుతున్నాయని, వంపు తిరిగిన వెడల్పాటి బ్రిడ్జి మీద తీగ తాకుతూ విడుస్తూ ఉండడమే దానికి కారణమని ఆయన చూపాడు. తంబురా జుమ్ముకూ చిరిగిన స్పీకరు గర్జనకూ మూలం ఒకటే. తీగో కాగితమో తన హద్దును ముట్టుకుని సరళనియమాన్ని తప్పడం. మరి ఒకటి మనసును ఎందుకు శాంతింపజేస్తుంది, రెండవది ఎందుకు రెచ్చగొడుతుంది?

దీనికి జవాబు గొంతులో ఉంది. మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరపేటికలోని నాదతంత్రులు క్రమంగా తెరుచుకుని మూసుకుంటాయి. భయమో, కోపమో, నొప్పియో ముంచుకొచ్చి ఊపిరి ఒత్తిడి మితిమీరినప్పుడు ఆ క్రమం తప్పుతుంది. కంపనాలు తడబడతాయి, గొంతు చీలుతుంది, జీరపోతుంది. పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినప్పుడు వినిపించేది అదే. అంటే గొంతు కూడా ఒక ఆంప్లిఫయరే, దానికీ హద్దులున్నాయి, వాటిని దాటినప్పుడు అదీ విరూపణ చెందుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజిలిస్ శాఖలో డేనియల్ బ్లూమ్‌స్టైన్ మార్మట్ అనే కొండ ఉడుతల ఆపద కూతలను ఏళ్ల తరబడి పరిశోధించాడు. పట్టుబడిన పిల్లల అరుపులలో ఈ జీర ఉంటే తోటి జంతువులు మరింత అప్రమత్తమవుతున్నాయని గమనించాడు. ఆపైన తన దృష్టిని మనుషుల సంగీతం వైపు మళ్లించాడు. 2012లో గ్రెగరీ బ్రయంట్, పీటర్ కే అనే సహచరులతో ప్రచురించిన పరిశోధనలో శ్రోతలకు చిన్న చిన్న సంగీత ఖండికలు వినిపించారు. ఉన్నట్టుండి విరూపణ చేరిన ఖండికలు శ్రోతలకు ఎక్కువ ఉద్రేకం కలిగించాయి, మనసుకు అంత ఆహ్లాదం ఇవ్వలేదు.

మూడేళ్లకు, 2015లో, లూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్ ప్రభృతులు మనుషుల కేకలను విశ్లేషించారు. మామూలు మాటలో ధ్వని బలం సెకనుకు నాలుగైదుసార్లు హెచ్చుతగ్గులవుతుంది; అది అక్షరాల నడక. కేకలో ఆ హెచ్చుతగ్గులు సెకనుకు 30 నుంచి 150 సార్లు జరుగుతాయి. అంత వేగాన్ని చెవి విడివిడిగా లెక్కపెట్టలేదు, గరుకుగా గ్రహిస్తుంది. గరుకు ఎక్కువైనకొద్దీ కేక మరింత భీతావహంగా వినిపించిందని, మెదడులో భయాన్ని గుర్తించే అమిగ్డలా అనే భాగం దానికి చురుకుగా స్పందించిందని వారు తేల్చారు. ఇందాక గుర్తుంచుకోమన్న సంఖ్యలు 37, 76. రెండూ ఈ మేరలోనే ఉన్నాయి. వాల్వు వాటిని పెద్దవి చేసింది. చిరిగిన కాగితం వాటికి జీర అద్దింది. గిటారు గొంతు చించుకుంటున్నట్లు చెవికి తోచడంలో ఆశ్చర్యం లేదు. తంబురా జుమ్ము ఇటువంటిది కాదు. అక్కడి అనుస్వరాలన్నీ శ్రుతిబద్ధంగా ఒకే మూలానికి కట్టుబడి ఉంటాయి, ధ్వని అకస్మాత్తుగా మీదపడదు.

అయితే అంతా చెవిలోనే ఉందనుకోవడం కూడా అతిశయోక్తే. పైన చెప్పిన 2012 పరిశోధనలోనే మరొక సంగతి బయటపడింది. అవే ఖండికలను ఏమీ జరగని, చప్పని వీడియో దృశ్యాలతో కలిపి వినిపిస్తే ఉద్రేకం కనబడలేదు. ఇంపుగా లేదన్న భావన మాత్రం మిగిలింది. కళ్లముందు ఆపద లేదని తెలిస్తే మెదడు కేకను కేకగా లెక్కవేయదన్నమాట. 1958 నాటి కుర్రవాడు చీకటి నృత్యశాలలో వింటే అది సాహసం. రేడియో అధికారి బల్ల ముందు వింటే అది బెదిరింపు. ధ్వని ఒక్కటే.

‘రంబుల్’లో నాకు అన్నిటికన్న గొప్పగా తోచేది ఈ గరుకుదనం కూడా కాదు, దానిని వాడిన పొదుపు. నడక నెమ్మది. కార్డు పడిన తరువాత ఖాళీ. ఆ ఖాళీలో డ్రమ్ము అడుగులు. తరువాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలిసి కూడా ఎదురుచూస్తాం. చివరికి వచ్చేసరికి ఆంప్లిఫయరులోని ట్రెమొలో పనిచేయడం మొదలుపెడుతుంది. ధ్వని బలం సెకనుకు కొన్నిసార్లు పెరిగి తగ్గుతుంది. ఇది గరుకుదనం కాదు, వణుకు. ఇంతసేపు గర్జించిన గొంతు చివరకు కంపిస్తూ మాసిపోతుంది. ఊపిరితిత్తి పోగొట్టుకున్న మనిషి తన గొంతును తీగలకు అప్పగించాడని రాయడం సులువు. ఆయన తరువాతి కాలంలో పాడాడు కూడా. 1971లో మేరీలాండ్ రాష్ట్రంలోని అకొకీక్‌లో తమ కుటుంబపు కోళ్లపాకనే స్టూడియోగా మార్చుకుని రికార్డు చేసిన ఆల్బంలో ఆ గాత్రం వినవచ్చు. బొంగురుగా, ఆయాసంతో ఉంటుంది. అది విన్నవారికి 1958 నాటి గిటారులో ఏ గొంతు దాగి ఉందో వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి ధ్వని ఆయన కంటె ముందు లేకపోలేదు. 1951లో మెంఫిస్‌లో రికార్డయిన ‘రాకెట్ 88’ పాటలో విల్లీ కిజార్ట్ గిటారు జీరగా వినిపిస్తుంది. దారిలో దెబ్బతిన్న ఆంప్లిఫయరులో కాగితం కుక్కి పని జరిపించారు. అది ప్రమాదవశాత్తు వచ్చినది. వ్రే మంచి స్పీకరును చేజేతులా పొడిచాడు, తేడా అక్కడుంది. 1964లో ఇంగ్లండులో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవిస్ బ్లేడుతో స్పీకరు కోశాడు. 1962 నాటికే జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో ‘ఫజ్’ పెట్టె బజారులోకి వచ్చింది. చిల్లులు పొడిచే శ్రమ లేకుండా కాలితో నొక్కితే చాలు. హూ బృందపు పీట్ టౌన్‌షెండ్ ‘రంబుల్’ వినకపోయి ఉంటే తాను గిటారు పట్టేవాణ్ణే కాదన్నాడు. లెడ్ జెప్లిన్ గిటారు వాద్యకారుడు జిమ్మీ పేజ్ ఒక డాక్యుమెంటరీలో ఆ రికార్డు పెట్టుకుని, చేతిలో గిటారు లేకుండానే వాయిస్తూ పసివాడిలా మురిసిపోవడం చూడవచ్చు.

విద్యుత్తు వాద్యానికి ఇచ్చినది గర్జన ఒక్కటే కాదని మనవారికి గుర్తు చేయనక్కరలేదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు మాండొలిన్‌ను కర్ణాటక సంగీతానికి లొంగదీసినప్పుడు ఎన్నుకున్నది ఎలక్ట్రిక్ మాండొలిన్‌నే. జంటతీగలు తీసివేసి అయిదు ఒంటితీగలు కట్టారు. మామూలు మాండొలిన్‌లో స్వరం మీటగానే ఆరిపోతుంది. గమకానికి నిలకడ చాలదు. పికప్, ఆంప్లిఫయరు ఆ నిలకడను ఇచ్చాయి. అదే యంత్రం, అదే ఫారడే సూత్రం. ఒకరు హద్దు దాటించారు, ఒకరు హద్దులో నిలిపారు.

ఇంట్లో గిటారు నేర్చుకునే పిల్లలున్నవారికి రెండు మాటలు. విరూపణకు నిజానికి పెద్ద శబ్దం అక్కరలేదు. నేటి ఆంప్లిఫయర్లలో గరుకును, బలాన్ని వేర్వేరు మీటలతో సరిచేసుకోవచ్చు. ‘గట్టిగా పెడితేనే ఆ ధ్వని వస్తుంది’ అనే వాదనను ఒప్పుకోనక్కరలేదు. 85 డెసిబెల్ల ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చునని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. ప్రతి 3 డెసిబెల్లకూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్ల దగ్గర పావుగంటే మిగులుతుంది. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి చనిపోతే మనుషులలో తిరిగి మొలవవు. రెండవది, వాల్వు ఆంప్లిఫయరును విప్పి చూడాలనే కుతూహలం పిల్లలకు సహజం. అందులో మూడు నాలుగు వందల వోల్టులుంటాయి. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. తెలిసినవారు పక్కన లేకుండా విప్పనివ్వకండి.

లింక్ వ్రే తన చివరి సంవత్సరాలు డెన్మార్కులో గడిపి, 2005 నవంబరు 5న కోపెన్‌హాగెన్‌లో కన్నుమూశాడు. అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరిచే ధ్వని ముద్రణల జాబితాలో ‘రంబుల్’ను 2008 సంవత్సరానికి చేర్చారు. క్లీవ్‌లాండ్‌లోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు స్థానం దొరికినది 2023లో. వాల్వులు నేటికీ రష్యా, చైనా, స్లొవేకియా దేశాలలో తయారవుతున్నాయి. కొనేవారిలో గిటారు వాద్యకారులదే పెద్ద వాటా. వాటి పక్కనే కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా వచ్చాయి. వాల్వులో శిఖరాలు ఎక్కడ తెగుతాయో, కాగితపు శంకువు ఎంత ఊగుతుందో సెకనుకు వేలసార్లు లెక్కవేసి, చక్కగా ఉన్న స్పీకరులోంచి చిరిగిన స్పీకరు గొంతును పలికిస్తున్నాయి.